మద్దతు ముగిసింది, పని ముగియలేదు: చిన్న వ్యాపారాలు పాత విండోస్‌ను ఎందుకు వదలడం లేదు?

న్యూఢిల్లీ: మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ముగించింది. అప్పటికి దీపావళికి ఆరు రోజులే ఉంది. ఏడాది మొత్తంలో అమ్మకాలు ముమ్మరంగా సాగే ఆ వారంలో, సవ్యంగా నడుస్తున్న బిల్లింగు కంప్యూటరును కదిలించే సాహసం ఏ వ్యాపారీ చేయడు. చావ్డీ బజార్‌లో శుభలేఖల నమూనాలు, భగీరథ్ ప్యాలెస్‌లో టోకు మందుల బిల్లులు, నారాయణా పారిశ్రామిక వాడలో అచ్చుకు వెళ్లే పుటలు ఆ మర్నాడూ యథాప్రకారం సిద్ధమయ్యాయి. క్యాలెండరులో ఒక తేదీ దాటింది తప్ప తెర మీద ఏ మార్పూ కనబడలేదు.

సమస్యలో కొంత మెలిక ఆ మాటలోనే ఉంది. కంపెనీ ప్రకటనల్లోని ఆంగ్ల పదాన్ని తెలుగు వార్తల్లో మనం ‘మద్దతు’ అని అనువదిస్తున్నాం. మద్దతు ఉపసంహరణ అనగానే తెలుగు పాఠకుడికి ప్రభుత్వాలు పడిపోయిన సందర్భాలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ ఏదీ పడిపోదు. యంత్రం వెలుగుతుంది, ప్రోగ్రాములు తెరుచుకుంటాయి, ప్రింటరు పలుకుతుంది. ఆ వ్యవస్థలో ఇకపై బయటపడే భద్రతా లోపాలను తయారీదారు ఉచితంగా సరిదిద్దడం మాత్రమే ఆగిపోతుంది. కాపలాదారు రాత్రికి రాత్రే వెళ్లిపోయిన గోదాము కూడా తెల్లవారి చూస్తే అలాగే ఉంటుంది. తాళం వేసే ఉంటుంది, సరుకు లోపలే ఉంటుంది. దొంగ వచ్చిననాడు గాని తేడా తెలియదు. కంటికి కనిపించని నష్టం కోసం కంటి ముందున్న పనిని ఆపమని చెప్పడం ఏ వ్యాపారికైనా రుచించని సలహా.

ఈ సలహా కొత్తదేమీ కాదు. 2001 అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, 2009లో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14న ఇదే విధంగా గడువు ముగిసింది. ప్రతిసారీ హెచ్చరికలు వెలువడ్డాయి. పెద్ద సంస్థలు ఆలస్యంగానైనా మారాయి. చిన్న దుకాణాలు, ముద్రణాలయాలు, రోగ నిర్ధారణ కేంద్రాలు, టైపింగ్ సెంటర్లు మాత్రం పాత వ్యవస్థను మరికొన్నేళ్లు నడిపాయి. కొన్ని ఇప్పటికీ నడుపుతున్నాయి.

దీనికి సాధారణంగా మూడు కారణాలు చెబుతారు: డబ్బు లేదు, అవగాహన లేదు, వాడుతున్నది దొంగ ప్రతి. మూడింటిలోనూ నిజం ఉంది. సాఫ్ట్‌వేర్ తయారీ సంస్థల కూటమి బీఎస్ఏ 2018లో వెలువరించిన సర్వే ప్రకారం 2017లో మన దేశంలోని వ్యక్తిగత కంప్యూటర్లలో నెలకొల్పిన సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్సు లేనిదే. దొంగ ప్రతి వేసిచ్చే మెకానిక్ తొలి పనిగా అప్‌డేట్లను ఆపేస్తాడు; లేకపోతే గుట్టు బయటపడుతుందని భయం. కాబట్టి కొత్త విండోస్ వాడుతున్నంత మాత్రాన ఆ యంత్రం పాత యంత్రం కంటే భద్రమని చెప్పలేం. అయితే ఈ మూడు కారణాలూ ఒక వాస్తవాన్ని వివరించలేవు. అసలు లైసెన్సుతో కొత్త కంప్యూటరు కొని, జీఎస్టీ రిటర్నులు దానిపైనే వేస్తున్న వ్యాపారి కూడా పక్క బల్ల మీద పాత యంత్రాన్ని పారేయకుండా ఉంచుకుంటాడు. డబ్బు ఖర్చు చేశాడు, ప్రమాదమూ తెలుసు. అయినా దానిని వదలలేడు. ఎందుకు?

నేల మార్చాలంటే గోడలు కూలుతాయి

మైక్రోసాఫ్ట్‌కు విండోస్ ఒక సరుకు. దుకాణదారుకు అది సరుకు కాదు, కాలికింది నేల. అతడు కొనుక్కున్నది ఆ నేల మీద నిలిచిన బిల్లింగు ప్రోగ్రామును, ప్రింటరును, కోత యంత్రాన్ని, అక్షరాల ఫాంటును. విండోస్ పదేళ్లకు పాతబడుతుందని దాని తయారీదారు నిర్ణయిస్తాడు. పైనున్న వస్తువులకు ఆ లెక్కతో నిమిత్తం లేదు. ఫరీదాబాద్‌లోనో ఓఖ్లాలోనో ఒక చిన్న కర్మాగారం కంప్యూటరుతో నడిచే లేత్ యంత్రాన్ని కొన్నదంటే, ఆ ఇనుము పాతికేళ్లు పనిచేయాలని లెక్క వేసుకునే కొంటుంది. దానికి ఆదేశాలిచ్చే ప్రోగ్రాము ఎక్స్‌పీ కోసం రాసింది. యంత్రం తయారీదారు ఆ నమూనాను ఎప్పుడో మానేసి ఉంటాడు. ఇక విండోస్‌ను మార్చడమంటే ఆ లేత్‌ను మార్చడమే. కొన్ని వేల రూపాయల వ్యవహారంగా కనిపించినది లక్షల్లోకి వెళుతుంది.

బిల్లింగు ప్రోగ్రాముల కథ ఇంకా పాతది. 1990 దశకంలో ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ వ్యవస్థ మీద, ఊరి ప్రోగ్రామర్లు ఒక్కో దుకాణానికి కొలత తీసి కుట్టినట్టు ప్రోగ్రాములు రాసిచ్చారు. ఏ కంపెనీ మందుకు ఎంత కమీషను, ఏ ఖాతాదారుకు ఎన్ని రోజుల అరువు, పాత సరుకు వాపసు లెక్క ఎలా అన్నవన్నీ అందులోకి ఎక్కాయి. రాసినవారు ఇప్పుడెక్కడున్నారో తెలియదు; రాసిన మూలం ఎవరి దగ్గరా లేదు. మైక్రోసాఫ్ట్ విజువల్ ఫాక్స్‌ప్రోకు సైతం 2015 జనవరితో స్వస్తి చెప్పింది. డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాములు 32 బిట్ల విండోస్ మీద నడిచేవి. 64 బిట్ల విండోస్ మీద నేరుగా నడవవు. విండోస్ 10 వరకు 32 బిట్ల రూపం దొరికేది. విండోస్ 11లో అది లేనేలేదు. సాంకేతిక పత్రాల్లో ఒక వాక్యంతో ముగిసిపోయే ఈ మార్పు, అలాంటి ప్రోగ్రాము మీద ఆధారపడిన దుకాణానికి ఇరవై అయిదేళ్ల ఖాతా పుస్తకం మూతపడటంతో సమానం.

ప్రింటరుదీ అదే దారి. మూడు ప్రతుల బిల్లును కార్బన్ కాగితం మీద ఒకే దెబ్బకు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు టోకు వ్యాపారంలో నేటికీ సరైన ప్రత్యామ్నాయం లేదు. పాత నమూనాలు సమాంతర పోర్టుతో పనిచేస్తాయి. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టు ఉండదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చే ‘డాంగిల్’ తాళాలకూ ఇదే చిక్కు. వాటిని గుర్తించడానికి 32 బిట్ల డ్రైవరు కావాలి. 64 బిట్ల విండోస్ దానిని అంగీకరించదు. డబ్బు పెట్టి, న్యాయంగా లైసెన్సు కొన్నవాడే ఇక్కడ ఎక్కువగా చిక్కుకుపోవడం గమనించదగ్గ విషయం.

అక్షరాలు కట్టిపడేసిన కంప్యూటర్లు

భారతీయ భాషల ముద్రణలో పాత విండోస్‌ను వదలనివ్వని బలమైన ముడి మరొకటి ఉంది. అది లిపికి సంబంధించినది. తెలుగు పాఠకులకు ఇది స్వానుభవంలోని సంగతే, కాకపోతే దానిని ఆపరేటింగ్ సిస్టమ్ సమస్యగా ఎవరూ చూడరు.

పుటలు కట్టే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామును అల్డస్ సంస్థ 1985లో విడుదల చేసింది. తర్వాత అది అడోబీ చేతికి వచ్చింది. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి ప్రధాన రూపం. 2004లో అడోబీ దాని అభివృద్ధిని నిలిపివేసింది. తయారీదారు వదిలేసి ఇరవై ఏళ్లు దాటినా తెలుగు రాష్ట్రాల డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్ పేరు ఇంకా నలుగుతూనే ఉంది. దానితో జంటగా అను స్క్రిప్ట్ మేనేజర్ ఉంటుంది. హిందీ ప్రాంతంలో ఆ స్థానం కృతిదేవ్, చాణక్య ఫాంటులది. తీస్ హజారీ కోర్టు పరిసరాల్లో దరఖాస్తులు టైపు చేసే వారి వేళ్లకు అలవాటైనది రెమింగ్టన్ టైపు మిషను అమరిక. కృతిదేవ్ ఆ అమరికనే అనుసరిస్తుంది. తెలుగు ఆపరేటర్ల వేళ్లలో ఉన్నది యాపిల్ కీబోర్డు అమరిక.

ఈ పాత ఫాంటుల్లో ఒక మాయ ఉంది. కంప్యూటరు దృష్టిలో అవి తెలుగు అక్షరాలు కావు. ఆంగ్ల అక్షరాలకు, ఐరోపా భాషల గుర్తులకు కేటాయించిన 256 స్థానాల్లో తలకట్టును ఒకచోట, గుడిని ఒకచోట, వత్తును మరొకచోట బొమ్మలుగా కూర్చారు. చూసే కంటికి ‘శ్రీరస్తు’. ఫైలు లోపల అర్థంలేని ఆంగ్ల వర్ణాల వరుస. పైగా ఏ బొమ్మ ఏ స్థానంలో ఉండాలన్నదానిపై ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతి పాటించింది. ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరిస్తే మిగిలేది గజిబిజి. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లోనే ఇస్కీ అనే ఉమ్మడి సంకేత ప్రమాణాన్ని ప్రకటించింది. యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలతో ప్రత్యేకంగా ఒక గదిని కేటాయించింది. విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు, యూనికోడ్ తెలుగు వచ్చాయి. ఇ-పరిపాలనకు యూనికోడే ప్రమాణమని కేంద్ర ప్రభుత్వం 2009లో నిర్ణయించింది. అంటే ప్రమాణాల కొరత ఏనాడూ లేదు. కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. పుటలు కట్టే ప్రోగ్రామే ఆ భాష మాట్లాడనప్పుడు దుకాణదారు దేనికి మారాలి?

ఇన్‌డిజైన్ వంటి ప్రోగ్రాములు 2012 నాటికి భారతీయ లిపులను సరిగా కూర్చడం నేర్చుకున్నాయి. సరిగ్గా ఆ మరుసటి ఏడాదే అడోబీ తన ప్రోగ్రాములను ఒక్కసారి కొనుక్కునే పద్ధతికి స్వస్తి చెప్పి, నెలనెలా అద్దె కట్టే పద్ధతికి మళ్లింది. పెళ్లిళ్ల కాలంలో చేతినిండా పని, మూఢంలో ఖాళీ అన్నట్టు సాగే శుభలేఖల దుకాణానికి పన్నెండు నెలలూ అద్దె కట్టడం భారమే. 2010 దశకం తొలి సంవత్సరాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రోత్సాహంతో రామభద్ర, సూరన్న, మండలి, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంటులు ఉచితంగా వెలువడ్డాయి. అవి ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లోనూ దొరుకుతున్నాయి. మంచి పనే. అయినా అచ్చు వ్యాపారానికి అలవాటైన అలంకార ఫాంటుల వైవిధ్యానికి అవి సరితూగాలంటే ఇంకా చాలా కావాలి.

ఢిల్లీలో ఉండి తెలుగు అనువాదాలు చేసేవారికి దీని పర్యవసానం తరచు ఎదురవుతుంది. అనువాదాన్ని యూనికోడ్‌లో పంపుతాం. పుటలు కట్టేచోట దానిని పాత ఫాంటులోకి మారుస్తారు. ఆ మార్పిడిలో నకార పొల్లు జారిపోతుంది, వత్తు పక్క అక్షరానికి తగులుకుంటుంది, అరుదైన సంయుక్తాక్షరం చదరపు డబ్బాగా మారుతుంది. దిద్దిన ప్రతి మళ్లీ యూనికోడ్‌లో కావాలంటే ఈసారి మరోవైపు నుంచి తప్పులు దొర్లుతాయి. ఒకే పుస్తకాన్ని రెండుసార్లు ప్రూఫు చూడవలసి రావడం అనువాదకుల అజాగ్రత్త వల్ల కాదన్న సంగతి ప్రచురణకర్తలకు చెప్పి ఒప్పించడం కష్టం.

వేళ్ల సంగతిని తేలికగా తీసుకోరాదు. పుటకు ఇంతని కూలి పుచ్చుకునే ఆపరేటరు కొత్త కీబోర్డు అమరిక నేర్చుకునే మూడు నాలుగు నెలలు సగం వేగంతో పనిచేస్తే, ఆ నష్టం అతడి జేబులోనిదే. యజమాని కొత్త కంప్యూటరు కొనిచ్చినా, అందులోనూ పాత ఫాంటే వేయించమని ఆపరేటరు పట్టుబట్టడంలో అన్యాయం లేదు. ఈ శిక్షణ ఖర్చును ఏ పథకమూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఈసారి గడువు వేరు

విండోస్ 11 విషయంలో ఇంకో చిక్కు చేరింది. మునుపు పాత యంత్రం మీదే కొత్త వ్యవస్థను ఎక్కించవచ్చు, నెమ్మదిగానైనా నడిచేది. విండోస్ 11 మాత్రం టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను కోరుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో కొద్ది మినహాయింపులతో ఎనిమిదో తరం, అంటే దాదాపు 2017 తర్వాతి వాటినే అంగీకరిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా 24 కోట్ల కంప్యూటర్లు ఈ కారణంగా కొత్త వ్యవస్థకు నోచుకోకపోవచ్చని కెనాలిస్ పరిశోధన సంస్థ 2023 చివరలో అంచనా వేసింది.

జాతీయ రాజధాని ప్రాంతంలో దీని ప్రభావం ఒక వింత దారి పడుతుంది. గురుగ్రామ్, నోయిడాల్లోని పెద్ద కంపెనీలు లీజు తీరిన కంప్యూటర్లను గుత్తగా వదిలించుకుంటాయి. అవి నెహ్రూ ప్లేస్ వంటి మార్కెట్లకు చేరి, తుడిచి, మెమరీ పెంచి, చిన్న వ్యాపారులకు సగానికంటే తక్కువ ధరకు వెళతాయి. ఇప్పుడు పెద్ద కంపెనీలు తొందరపడి వదిలించుకునేవి విండోస్ 11 ఒప్పుకోని ఆరో, ఏడో తరం యంత్రాలే. పైవాడు భద్రత కోసం వదిలించుకున్న ప్రమాదం చవక ధరకు కిందివాడి బల్ల మీదికి చేరుతుందన్నమాట. చిప్ తనిఖీని దాటవేసి విండోస్ 11ను ఎక్కించి ఇచ్చే మెకానిక్‌లు లేకపోలేదు. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. అమ్ముడుపోనివి చివరికి సీలంపూర్ చేరతాయి. అక్కడ ఎలక్ట్రానిక్ వ్యర్థాలను విడగొట్టే చేతులకు తొడుగులు కూడా ఉండవు.

గడువు పొడిగింపూ ఉంది, ధరతో. గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. సంస్థలు ఒక్కో కంప్యూటరుకు మొదటి ఏడాది 61 డాలర్లు చెల్లించాలి. ఆ మొత్తం ఏటా రెట్టింపవుతుంది. మూడేళ్లకు కలిపి 427 డాలర్లు. ఆ డబ్బుకు నెహ్రూ ప్లేస్‌లో వాడిన కంప్యూటరు ఒకటి కొనవచ్చు. అసలు లైసెన్సే లేని యంత్రానికి ఈ దారి మూసుకుపోయినట్టే.

పన్ను చట్టం దృష్టిలో కంప్యూటరు త్వరగా ముసలిదవుతుంది. ఆదాయపన్ను నిబంధనలు ఏడాదికి 40 శాతం తరుగుదలను అనుమతిస్తాయి; లక్ష రూపాయల యంత్రం అయిదేళ్లకు పుస్తకాల్లో 7,776 రూపాయలకు దిగుతుంది. కంపెనీల చట్టం ప్రకారం దాని ఉపయోగకాలం మూడేళ్లే. అయితే తరుగుదల వల్ల ప్రయోజనం లాభం మీద పన్ను కట్టేవాడికే. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారికి కంప్యూటరు మీద కట్టిన 18 శాతం జీఎస్టీ తిరిగి జమ కాదు. యంత్రం పనిచేసినంత కాలం వాడుకోవడమే అతడి లెక్కలో అసలైన తరుగుదల.

భయం నిజమే, కాని సగం తెలిసిన భయం

పాత వ్యవస్థను సమర్థించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. 2017 మే 12న ప్రపంచాన్ని కుదిపిన వాన్నాక్రై దాడిలో బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ చిక్కాయి. కొన్ని జిల్లాల్లో స్టేషన్ల పని కాగితాల మీదికి మళ్లింది. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయాల్లోని కొన్ని కంప్యూటర్లూ ఆ బాధితుల జాబితాలో చేరాయి. ఆ సందర్భంలో అందరి వేళ్లూ విండోస్ ఎక్స్‌పీ వైపు చూపాయి. మైక్రోసాఫ్ట్ కూడా మూడేళ్ల కిందట వదిలేసిన ఎక్స్‌పీకి అత్యవసరంగా ఒక అతుకు విడుదల చేసింది. తర్వాత కాస్పర్‌స్కీ సంస్థ లెక్క తీస్తే దాడికి గురైనవాటిలో 98 శాతం విండోస్ 7 యంత్రాలు. విండోస్ 7కు అప్పటికి మద్దతు ఉంది. ఆ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. దానిని వేసుకోలేదంతే. పేరులో కొత్తదనం కంటే నిర్వహణ ముఖ్యమని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద జరిగిన దాడి ఇంకో సంగతి చెప్పింది. అయిదు సర్వర్లలోని దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేశారు. దాదాపు రెండు వారాలు రోగుల నమోదు చేతిరాతతో సాగింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అంటే ఒక గదిలో అంటుకున్న నిప్పు మిగతా గదులకు పాకకుండా మధ్య గోడ లేదు. చిన్న దుకాణంలో పాత యంత్రం ప్రమాదకరంగా మారేది కూడా ఇక్కడే. లేత్‌ను నడిపే ఎక్స్‌పీ కంప్యూటరు ఒంటరిగా ఉన్నంతవరకు దాని జోలికి వచ్చేవారు తక్కువ. దానికే వైఫై తగిలించి, మొబైలులోని వాట్సాప్ బొమ్మలను పెన్‌డ్రైవ్‌తో ఎక్కించి, అదే నెట్‌వర్క్‌లో ఖాతాదారుల వివరాలున్న కంప్యూటరును కలిపిననాడు ముప్పు మొదలవుతుంది.

అప్‌డేట్లంటే వ్యాపారికున్న జంకును పూర్తిగా మూఢనమ్మకమని కొట్టిపారేయలేం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెరకు వాలిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతిరాత బోర్డింగ్ పాసులు ఇవ్వవలసి వచ్చింది. ఆ రోజు పాత విండోస్ 7 మీద బిల్లులు కొట్టుకున్న కిరాణా వ్యాపారి తన పద్ధతే మేలనుకుని ఉంటే అతణ్ని నిందించడం కష్టం. అయితే ఒక రోజు ఆగిన పని మర్నాటికి కోలుకుంటుంది. తాళం పడిన ఖాతా పుస్తకం, ప్రతి లేకపోతే, తిరిగి రాదు.

చట్టం కూడా ఊరుకోవడం లేదు. సైబర్ దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లోగా తెలియజేయాలని జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. ఖాతాదారుల సమాచారానికి తగిన భద్రత కల్పించని పక్షంలో 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు ఆ చట్టం వీలు కల్పిస్తోంది. వీధి చివరి క్లినిక్‌కు అంత జరిమానా వేస్తారని ఎవరూ అనుకోరు. బాధ్యత మాత్రం దానిదీ.

ఎవరు కదిలిస్తే కదిలారు?

వెనక్కి తిరిగి చూస్తే చిన్న వ్యాపారులను ఇప్పటివరకు కదిలించినవి భద్రతా హెచ్చరికలు కావు, జీఎస్టీ, బ్రౌజరు. గూగుల్ క్రోమ్ 2023 ఫిబ్రవరిలో విండోస్ 7ను వదిలేసింది. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి అయిదు కోట్ల రూపాయల టర్నోవరు దాటిన వ్యాపారులందరికీ ఇ-ఇన్వాయిస్ తప్పనిసరి అయింది. పోర్టల్ తెరుచుకోకపోతే సరుకు గడప దాటదు. అప్పుడు కొత్త కంప్యూటరు వచ్చింది. పాతది పక్కకు జరిగింది, పోలేదు.

నియంత్రణ పనిచేసిన చోటూ ఉంది. ఏటీఎంలలో ఎక్స్‌పీ వాడకంపై రిజర్వు బ్యాంకు 2018 జూన్ 21న బ్యాంకులకు ఉత్తర్వు పంపింది. సెప్టెంబరుకు నాలుగో వంతు, డిసెంబరుకు సగం, 2019 మార్చికి ముప్పావు వంతు, జూన్‌కల్లా మొత్తం మార్చాలని మెట్టుమెట్టుగా గడువు పెట్టింది. బ్యాంకులకు చెప్పేవాడున్నాడు, చెప్పింది వినకపోతే ఏమవుతుందో తెలుసు, ఖర్చు భరించే శక్తి ఉంది. ముద్రణాలయానికి, మందుల దుకాణానికి ఆ మూడూ లేవు. కాబట్టి బ్యాంకులకు పనికొచ్చిన ఆదేశం ఇక్కడ పనికిరాదు. చిన్న పరిశ్రమల డిజిటలీకరణ పేరిట ప్రభుత్వాలు పోర్టళ్లను లెక్కిస్తున్నాయి, నమోదులను లెక్కిస్తున్నాయి. పాత ప్రోగ్రాములో చిక్కుకుపోయిన సమాచారాన్ని బయటికి తీసే ఖర్చును లెక్కించడం లేదు.

‘కొత్త కంప్యూటరు కొనండి’ అన్న సలహా అందుకే గురి తప్పుతోంది. ముందుగా చేయవలసిన పని వేరు. కదలని యంత్రాన్ని కదలకుండానే ఇంటర్నెట్ నుంచి విడదీయాలి. ప్రోగ్రాము మాత్రమే పాతదైతే, కొత్త కంప్యూటరు లోపల వర్చువల్ యంత్రంగా పాత విండోస్‌ను నెట్‌వర్క్ లేకుండా నడపవచ్చు. నెహ్రూ ప్లేస్‌లోని చేయి తిరిగిన మెకానిక్‌కు ఇది ఒక పూట పని. సమాచారం ప్రతిని వారానికోసారి విడి డిస్కులోకి తీసి, ఆ డిస్కును తీగ పీకి బీరువాలో పెట్టాలి. లినక్స్ వైపు వెళ్లమనేవారు ఉన్నారు. తెలుగులో స్వేచ్ఛ వంటి బృందాలు ఆ దిశగా ఏళ్లుగా శ్రమిస్తున్నాయి. ఇంటర్నెట్, ఉత్తరప్రత్యుత్తరాల వరకు అది నిక్షేపమైన మార్గం. లేత్‌ను, డాంగిల్‌ను, పేజ్‌మేకర్‌ను వదలలేనివారికి అది ఒక్కటే జవాబు కాజాలదు.

తెలుగు అచ్చు విషయానికి వస్తే ఒత్తిడి పైనుంచి, అంటే పని ఇచ్చేవారి నుంచి రావాలి. ఢిల్లీలో ఉన్న కేంద్ర సంస్థలు, రాష్ట్రాల అకాడమీలు, విశ్వవిద్యాలయాలు, పత్రికలు తాము అచ్చువేయించే ప్రతి పుస్తకానికీ యూనికోడ్ ప్రతిని ఒప్పందంలో భాగంగా అడిగితే, దానికి అదనపు కూలి చెల్లిస్తే, డీటీపీ కేంద్రం మారడానికి ఒక కారణం దొరుకుతుంది. పాత ఫాంటుల నుంచి యూనికోడ్‌లోకి తప్పుల్లేకుండా మార్చే పనిముట్టును ప్రజాధనంతో తయారుచేయించి ఉచితంగా ఇవ్వడం రెండు తెలుగు ప్రభుత్వాలకూ పెద్ద ఖర్చు కాదు. 1990ల నుంచి అచ్చయిన చిన్న పత్రికలు, స్థానిక చరిత్రలు, కవితా సంపుటాల ఫైళ్లు ఆ పాత డిస్కుల్లోనే ఉన్నాయి. వాటిలో చాలా పుస్తకాలకు రెండో ముద్రణ రాలేదు. ఏ స్థానంలో ఏ వత్తు ఉందో తెర చూడకుండా చెప్పగల ఆపరేటర్లు మరో పదేళ్లలో పని మానుకుంటారు.